నాలుగో సంపుటంలో లేని ఏడు వారాలు

జహీరాబాద్ పట్టణం, పాత బస్టాండు వెనక గల్లీలో బైండింగు దుకాణం నడుపుతున్న, కీర్తిశేషులు వీరప్ప కుమారుడు చెన్నబసప్ప అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి వాక్యమూ చదువుకుంటూ రాయించుకున్న మరణశాసనం ఇది. సోమవారం హైదరాబాదులో నా గుండెకు ఆపరేషన్. బతికొస్తానని డాక్టరు అంటున్నాడు. ఆయన మాట ఆయనది, నా జాగ్రత్త నాది. నాకు పిల్లలు లేరు. నా భార్య మహాదేవి తొమ్మిదేళ్ల కిందట లింగైక్యమైంది. మిగిలిన రక్తసంబంధం ఒక్కడే, ఝరాసంగంలో ఉంటున్న నా తమ్ముడు సంగయ్య. ఇరవై ఏడేళ్లుగా మా మధ్య మాటల్లేవు. తప్పు ఎవరిదో రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఆపరేషన్ బల్ల ఎక్కడం నాకు ఇష్టం లేదు. ఈ కాగితం అందుకోసం.

ఆస్తి వివరాలు చాలు, కథలెందుకని దస్తావేజు లేఖరి వెంకట్ గునిశాడు. రాయమన్నాను. మొహం మాడ్చుకుని రాస్తున్నాడు.

1. 2003లో నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో నా యావదాస్తినీ మఠానికి రాశాను. భక్తితో కాదు, తమ్ముడికి దక్కకూడదని. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని పగ తీర్చుకున్నాను. శివుడు నన్ను క్షమించాలి.

2. నన్ను మా లింగాయతుల పద్ధతిలో కూర్చోబెట్టి, మహాదేవి పక్కన సమాధి చేయాలి. మైకు పెట్టవద్దు. నా మంచితనం గురించి ఎవరూ మాట్లాడవద్దు, ముఖ్యంగా నా గురించి బాగా తెలిసినవాళ్లు.

3. ‘ఉప్పురాయి సింహాసనం’ అయిదు సంపుటాలు నా తమ్ముడి కూతురు అక్షతకు చెందాలి.

ఇది 1986 నుంచి అయిదేళ్లపాటు ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్. పుస్తకంగా రాలేదు. వారం వారం పేజీలు చింపి ట్రంకు పెట్టెలో దాచి, తర్వాత నేనే సంపుటాలు కట్టుకున్నాను. మొదటి మూడూ తమ్ముడు, నేనూ కలిసి కట్టాం. చివరి రెండూ 1999లో నేనొక్కణ్ణే కట్టాను. అందులో రాక్షసులున్నారు, మాట్లాడే గుర్రాలున్నాయి, సముద్రం మీద తేలే కోట ఉంది. నెరిసిన తలకాయతో ఈ చదువేమిటని మహాదేవి నవ్వేది. నవ్వనీ. బళ్లు తెరిచిన సీజను పని ఒడ్డెక్కాక, ఏటా దసరాకు మొదటి సంపుటం తెరిచి శివరాత్రికి అయిదోది మూసేవాణ్ణి. పాతికసార్లకు తక్కువ కాకుండా చదివాను.

ముప్పయ్యేళ్ల వయసులో నాకు అందులో సోమకేతు మహారాజంటే ప్రాణం. మాట తప్పడు, తల వంచడు, ద్రోహిని క్షమించడు. మగాడంటే ఇట్లా ఉండాలనుకున్నాను. నిశాంగి అనే దాసి పేరు చెబితే ఒళ్లు మండేది. మొదటి సంపుటంలో కోట తాళం రాక్షసులకు అందించింది అదే. అట్లాంటిది, అయిదో సంపుటంలో కూలిన గోడకు అడ్డంగా నిలబడి పట్టణాన్ని కాపాడుతుంది. ఎందుకు మారిందో నాకు ఎన్నిసార్లు చదివినా అంతుపట్టలేదు. ఆ రచయితకు మనుషుల్ని మార్చడం చేతకాదని నేను ఇరవై ఏళ్లు తిట్టాను. కనపడిన ప్రతివాడికీ చెప్పాను.

కిందటేడు వానాకాలం ఒక అమ్మాయి కాలేజీ రికార్డు బైండింగుకు తెచ్చింది. ఎవరి పిల్లవని అడిగితే, మీ తమ్ముడి బిడ్డనేనని తలెత్తి చెప్పింది. రికార్డు ఆరేదాకా కూర్చోమన్నాను. కూర్చుని, అలమారలోని మొదటి సంపుటం తీసింది. ఆ తర్వాత కాలేజీ అయిపోగానే వచ్చి చదివి, సాయంత్రం షేర్ ఆటో ఎక్కేది. ఇంట్లో చెప్పలేదట. నేనూ చెప్పమనలేదు. అయిదూ పూర్తిచేసి మళ్లీ మొదటికి వచ్చింది. రెండోసారి చదువుతూ నాలుగో సంపుటం దగ్గర ఆగి, నావైపు చూసింది.

“పెద్దనాయనా, మనిషి గిట్ల ఉత్తగనే మారదు. నడుమ ఏదో పోయింది.”

రచయితది లోపమని దబాయించాను. ఆ పిల్ల వినలేదు. అటక మీద అస్తరుకు వాడే పాత కాగితాల మూటలున్నాయి, అట్ట లోపల అతికించడానికి. వాటన్నిటినీ దించి, రెండు రోజులు ఒక్కొక్క కాగితం చూసింది. మూడో మూటలో, నా చేత్తో ‘నాలుగు’ అని రాసిన కట్ట దొరికింది. ఏడు వారాల కథ. నేను కుట్టడం మరిచిన కట్ట.

పైన వారం నంబర్లు ఉండేవి, అవి నా కోతలో పోయాయి. ‘జరిగిన కథ’ అని ప్రతి వారం వేసే నాలుగు లైన్లు అనవసరమని నేనే కత్తిరించేశాను. అందుకే నడుమ తెగిన సంగతి తెలియలేదు. సీరియల్ వస్తున్నప్పుడు ఆ ఏడు వారాలు చదివానా అంటే, తిప్పేశాను. యుద్ధం లేదని.

ఆ రోజు దుకాణం షట్టరు ఎత్తలేదు. లోపల కూర్చుని చదివాను. ఆ ఏడు వారాల్లో నిశాంగి ఒక్క మంత్రం వేయదు. ఉప్పు మళ్లలో పేరు దాచుకుని కూలి చేస్తుంది. తన వల్ల చచ్చిన ఒక సిపాయి తల్లి పక్క గుడిసెలో ఉంటే, ముసలామెకు నీళ్లు మోస్తుంది. ఏడో వారంలో ఆ తల్లి ముందు కూర్చుని, తాళం ఇచ్చింది నేనే అని చెబుతుంది. అంతే. ఆమె మారింది గోడ దగ్గర కాదు, ఆ గుడిసెలో. సోమకేతు సంగతి వెతికాను. అయిదు సంపుటాల్లో, ఒక్కచోట కూడా, తప్పు నాది అనడు. నేను ప్రాణం పెట్టుకున్న మహారాజు మొదటి పేజీలో ఎట్లా ఉన్నాడో చివరి పేజీలోనూ అట్లాగే ఉన్నాడు. నాకు సిగ్గేసింది. ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

నాలుగో సంపుటం విప్పి ఆ కట్టను కలిపి కుట్టాలి. దానికి కోత పడలేదు కాబట్టి, దాని కాగితం మిగతావాటి కంటే వేలెడు పొడవుంటుంది. బయటికి పొడుచుకు వస్తే రానివ్వాలి, కోయకూడదు. పుస్తకాలు అడిగినవాళ్లకు చదవనివ్వాలి. ఇంటికి మాత్రం ఇవ్వకూడదు.

4. దుకాణం, పైన గది, కోత మిషను, బిగింపు ప్రెస్సు, దబ్బనాలు, మైదా గంజి కాచే ఇత్తడి గిన్నెతో సహా, నా తమ్ముడు సంగయ్యకు సర్వహక్కులతో చెందాలి. ఇది దానం కాదు. కారణం రాస్తున్నాను.

మా నాయన కాలం నుంచి మా దుకాణంలో ఒక పద్ధతి. ఏ పుస్తకమైనా కుట్టే ముందు అందులోని కాగితాల కట్టలు ఇద్దరు లెక్కపెట్టాలి. ఒకరు కట్ట వేస్తూ నంబరు పలకాలి, ఇంకొకరు కళ్లతో చూసి ‘ఊఁ’ అనాలి. ఊఁ అన్నవాడిదే బాధ్యత అనేవాడు నాయన. 1998లో ఒక ఆఫీసుకు నలభై రిజిస్టర్లు కట్టాం. ఒకదానిలో ఒక కట్ట తక్కువైంది. ఆఫీసరు దాన్ని పదిమందిలో నా మొహాన విసిరాడు. ఆ కోపంతో దుకాణానికొచ్చి, గల్లీ అంతా వింటుండగా తమ్ముణ్ణి నానా మాటలన్నాను. వాడి దబ్బనం తీసి గల్లీ పక్క మురికి మోరీలో పారేశాను.

“కట్టలు లెక్కవెట్టనోడు నా తమ్ముడు కాడు. మళ్ల నా గడప తొక్కకు” అన్నాను.

వాడు భార్యనూ, నెలల పిల్లాడు అభిషేక్‌నూ తీసుకుని అత్తగారి ఊరు ఝరాసంగం వెళ్లిపోయాడు. కందులూ జొన్నలూ వేసుకుని బతికాడు. అట్టకు బట్ట చుట్టడంలో ఈ చుట్టుపక్కల వాడిని మించినవాడు లేడు. ఆ చేతులతో నాగలి పట్టించింది నేను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రిజిస్టరు లెక్కలో నంబరు పలికింది సంగయ్య. ఊఁ అన్నది నేను. నా ఒళ్లో అప్పుడు ట్రంకు పెట్టెలోంచి తీసిన ‘ఉప్పురాయి సింహాసనం’ కాగితాలున్నాయి. సోమకేతు రాజు యుద్ధానికి బయల్దేరుతున్నాడు. నేను తలెత్తకుండా ఊఁ, ఊఁ అంటూ పోయాను. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. అందరి ముందూ వాడు నన్ను బయటపెట్టలేదు. పెట్టలేదు కాబట్టే నాకు వాడంటే ఇంకా కోపం పెరిగింది. మనిషి బుద్ధి ఇంత నీచంగా ఉంటుందని నేను పుస్తకాల్లో చదవలేదు, నాలోనే చూశాను. మరుసటేడు ఊఁ అనే మనిషి లేక, ఒక్కణ్ణే లెక్కపెట్టుకుని నాలుగో సంపుటంలో అదే తప్పు చేశాను.

తప్పు నాది. సంగయ్యది కాదు. ఇది ఏ కోర్టులోనైనా చదవవచ్చు.

5. పక్క స్టేషనరీ దుకాణం రామ్‌కిషన్‌కు నా చేతుల కుర్చీ ఇవ్వాలి. 2009లో రెండో సంపుటం తీసుకెళ్లి పద్నాలుగు నెలలు ఉంచుకుని, యుద్ధం పేజీ మీద మామిడికాయ పచ్చడి మరకతో తిరిగిచ్చాడు. అది నేను మరిచిపోలేదు. అయినా రాత్రి ఛాతీ నొప్పి వచ్చిన రోజు నన్ను దవాఖానకు మోసుకెళ్లింది అతనే. ఈ వీలునామా అమలు బాధ్యత అతనికే అప్పగిస్తున్నాను. దీని మీద మాత్రం పచ్చడి పడకూడదు.

6. మహాదేవి పోయినప్పటి నుంచి రోజూ రెండు జొన్నరొట్టెలు పంపుతున్న ఎదురింటి సుగుణమ్మకు మహాదేవి ఇత్తడి బిందె, పట్టుచీర. చీర కట్టుకోవాలి, పెట్టెలో దాచకూడదు.

సవరణ

పై ఆరు అంశాలూ నిన్న శుక్రవారం రాయించాను. వెంకట్ తీసిన ఒక నకలును, సంతకాలు కాకముందే అక్షత చేతికిచ్చి ఝరాసంగం పంపాను. నేను పోయాక చదివితే వాడు నన్ను తిట్టడానికి కూడా నేనుండను. అది న్యాయం కాదనిపించింది. రాత్రి నిద్ర పట్టలేదు. రాడనే అనుకున్నాను. రాకపోతే తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఈ ఉదయం గల్లీ మొదట్లో ఆటో ఆగింది. సంగయ్య దిగాడు. జుట్టంతా తెల్లబడింది. వాడు గిరాకులు కూర్చునే బల్ల మీద కూర్చుని, తెచ్చిన నకలు జేబులో ఉన్నా, అసలు కాగితం ఇమ్మన్నాడు. మొదటి నుంచి చదివాడు. నాలుగో అంశం రెండుసార్లు చదివాడు. సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలని వెంకట్‌ను అడిగాడు.

ఆస్తి పొందేవాడే సాక్షిగా ఉంటే రేపు పేచీ వస్తుందని, రెండింట్లో ఒకటే కుదురుతుందని వెంకట్ నెమ్మదిగా చెప్పాడు. సంగయ్య ఆలోచించను కూడా లేదు.

“గట్లయితే నాకు రాసిన దుకాణం కొట్టెయ్యి. ‘తప్పు నాది’ అని మా అన్న రాసిండు. దాని కింద నా పేరుండాలె.”

నేను వద్దన్నాను. బతిమాలాను. వాడు కలం పట్టుకుని కూర్చున్నాడు. కాబట్టి నాలుగో అంశంలో ‘నా తమ్ముడు సంగయ్యకు’ అన్న మాటలు కొట్టివేసి, ‘నా తమ్ముడి కూతురు అక్షతకు’ అని మార్చడమైనది. కొట్టివేత పక్కన నా పొట్టి సంతకం ఉంది. ఆ అంశంలో మిగతా ఏ అక్షరమూ మార్చలేదు.

ఆస్తి సంగతి నా తదనంతరం అమలవుతుంది. ఒప్పుకోలు ఈ రోజు నుంచే అమలు.

జహీరాబాద్, 2025 నవంబరు 8, శనివారం.

చెన్నబసప్ప (సంతకం)

రాసినవారు: వెంకట్, దస్తావేజు లేఖరి.

సాక్షులు:

1. వికాస్, జిరాక్స్ సెంటరు, పాత బస్టాండు.

2. సంగయ్య, తండ్రి కీ.శే. వీరప్ప, ఝరాసంగం. వీలునామా రాసినాయన తమ్ముణ్ణి.