డాక్టరమ్మ అన్నది, ముక్కలో కనిపించింది

గోదావరిఖని, 5-2-1974

ప్రియమైన నా బంగారు బిడ్డ సువార్తమ్మకు బాపు ముద్దులు.

స్తోత్రం బిడ్డా, స్తోత్రం! మీ అవ్వకు, నిన్ను కన్నతల్లికి, ఆపరేషన్ అయిపోయింది. గర్భసంచి మొత్తం తీసేశారు. తెలివి రాగానే చాయ్ అడిగింది! డాక్టరమ్మ బయటికొచ్చి "మామూలు గడ్డలే పెద్దాయనా, ఫికర్ చెయ్యకు" అన్నది. ఆ తల్లి చేతులు పట్టుకుని ఏడ్చేశాను. పన్నెండేళ్ల నెత్తురు కష్టం ఒక్క పొద్దులో తీరింది. బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగి వస్తున్న నా పాత దోస్తులను రోడ్డు మీదే ఆపి చెప్పాను. బొగ్గు చేతులతోనే నన్ను ఎత్తుకుని తెల్ల అంగీ ఖరాబు చేశారు. చేయనీ!

సంతోషం పట్టలేని నీ బాపు,
స్తెఫను


వరంగల్, 9-2-1974

ప్రియమైన బాపుకు,

ఉత్తరం చూసి సంతోషపడ్డాను. కానీ మనసు నిలవడం లేదు. ఇక్కడ ల్యాబులో నా పని నీకు తెలుసు కదా. ఆపరేషన్లో తీసిన కండను పలుచగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద పెడతాను. పెద్ద డాక్టరు సూక్ష్మదర్శినిలో చూస్తారు. మా రిజిస్టరులో రెండు గడులు. ఒకదానిలో ఆపరేషన్ చేసిన డాక్టరు అనుకున్న జబ్బు, పక్కదానిలో కండలో కనిపించినది. చాలాసార్లు కలుస్తాయి. పోయిన నెల కలవలేదు: "మామూలు గడ్డలు" అని వచ్చిన ఒకామెకు క్యాన్సర్ బయటపడింది.

అవ్వ గర్భసంచి పరీక్షకు పంపారా? వెంటనే రాయి.

నీ సువార్త


గోదావరిఖని, 13-2-1974

ప్రియమైన బిడ్డకు,

నీ ఉత్తరం చదివాను. నీకు ఒకటి చెప్పలేదు. ఆ రోజే ఆసుపత్రి ఆయా సారవ్వను బతిమిలాడి గర్భసంచి తెచ్చుకున్నాను. గనిలో నుజ్జయిన అంద్రెయ కాలు తీసేస్తే, మన సమాధుల తోటలో ప్రార్థన చేసి పాతిపెట్టలేదా? పునరుత్థానం నాడు మనిషి నిండుగా లేవాలి కదా. నిన్ను మోసిన సంచి బిడ్డా, చెత్తలో ఎట్లా వదిలేస్తాను? తెల్లగుడ్డలో చుట్టి, కీర్తన పాడి మట్టి చేశాను. మంచి పని చేశానని మురిసిపోయాను కూడా.

ఇప్పుడు దేన్ని పరీక్షకు పంపాలి? మీ అవ్వ మంచం మీద కూర్చుని పక్కామెతో నవ్వుతోంది. నేను వార్డు గుమ్మం దాటలేక తిరుగుతున్నాను. డాక్టరమ్మకు చెబితే సారవ్వ నౌకరీ పోతుందేమో.

ఏం చేయాలో తెలియని నీ బాపు


వరంగల్, 16-2-1974

ప్రియమైన బాపుకు,

నిన్ను ఏమీ అనను. ఇది అందగానే డాక్టరమ్మ దగ్గరికి పో. "నేనే తీసుకుపోయాను" అని చెప్పు, సారవ్వ పేరు ఎత్తకు. ఆలస్యం చేయకు. ముందే ఒక ముక్క తీసి పంపి ఉంటారేమోనని, ఇక్కడ పరీక్షకు సీసా వచ్చిన ప్రతిసారీ ముందు దాని మీద పేరే చూస్తున్నాను.

సువార్త


గోదావరిఖని, 3-3-1974

ప్రియమైన నా తల్లీ,

క్యాన్సర్ లేదు! లేదు బిడ్డా, లేదు! ప్రభువుకు కోటి వందనాలు.

నీ ఉత్తరం అందిన రోజే డాక్టరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఏందయ్యా, మట్టి చేసినవా?" అని తల పట్టుకుంది. తర్వాత నవ్వింది. "రెండు ముక్కలు కోసి, మందు సీసాల పెట్టి, హైదరాబాద్ పంపిన. నీకు దొరికింది మిగిలిందే."

అప్పటి నుంచి నాకు బువ్వ దిగలేదు. నిన్న హైదరాబాద్ నుంచి పరీక్ష కాగితం వచ్చిందంటే మీ అవ్వను తీసుకుని పోయాను. క్యాన్సర్ కాదు. డాక్టరమ్మ అనుకున్న గడ్డలు కూడా కాదు. గర్భసంచి లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోయిందట. నెలనెలా ఆ గోడలోనే నెత్తురు ఊరి వాచేదట.

"నేను చేత్తో తడిమి గడ్డలనుకున్న. గిది మామూలు నొప్పి కాదు పెద్దాయనా. ఇన్నేండ్లు ఎట్ల ఓర్చుకున్నదో" అన్నది డాక్టరమ్మ.

నేను గెంతబోయినవాణ్ని ఆగిపోయాను. మీ అవ్వ నొప్పి అని ముడుచుకుని పడుకున్నప్పుడల్లా, "నేను డ్యూటీకి పోయే యాళ్లకే లేస్తదా నీ నొప్పి? అన్నీ ఏషాలు" అనేవాణ్ని. నలుగురిలోనూ అన్నాను.

మీ అవ్వ డాక్టరమ్మను అడిగింది. "గీ రోగం సంగతి గా కాయితంల రాసున్నదా?"

"ఉన్నది మార్తమ్మా."

అప్పుడు మీ అవ్వ ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "ఇగ చదువు. గట్టిగ చదువు."

ఇంగ్లీషు నాకు రాదు. డాక్టరమ్మ తెలుగులో ఒక్కో మాట అందిస్తుంటే, బయట వరుసలో కూర్చున్న ఆడవాళ్లంతా వినేలా నేను అప్పజెప్పాను.

నీ బాపు,
స్తెఫను