మరణబావి దగ్గర నీ అభిమానులు

మావా,

నువ్వు పోయాక ఇన్నేళ్ళకు అనకాపల్లి కొత్తమావాస్య జాతరకు మళ్ళీ మరణబావి వచ్చింది. మోటారుసైకిళ్ళ చప్పుడు విని వెళ్ళాను. పక్కన టీకొట్టులో ఇద్దరు ముసలివాళ్ళు నీ గురించే చెప్పుకుంటున్నారు.

"సేతులొదిలేసి గోడ మీద బండి తిప్పేవోడు. ఆడిలాటోడు మళ్ళీ రాలేదు బావా," అన్నాడొకాయన. నాకు గర్వమేసింది.

రెండో ఆయన నిట్టూర్చాడు. "ఆడు పడి సచ్చిపోయిన ఆట నాను సూడ్లేదు. ముందురోజే ఎల్లేను. ఒక్కరోజులో తప్పిపోయింది."

"నాను సూసేను," అన్నాను. నీ పెళ్ళాన్నని చెప్పలేదు.

ఆయన బల్ల మీద జరిగి చోటిచ్చాడు. "కూకోమ్మా. ఎలా పడ్డాడేటి?"

కూర్చున్నాను. బండి ఎక్కడ జారిందో, కిందపడ్డాక నువ్వు రెండుసార్లు ఎలా లేవబోయావో, అంతా చెప్పాను. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాను. నీ గురించి నన్నింత ఆత్రంగా ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.