చీర కట్టుకుంటే నమ్మారు

పటాన్‌చెరు,
12-8-1994

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, ఉద్యోగం గురించి బెంగపెట్టుకోకు.

మొన్న మా ల్యాబులో ఒక మందు పరీక్షలో తప్పింది. ఫలితం రాసిన కాగితం ఇచ్చి, దాన్ని లారీకి ఎక్కించవద్దని మేనేజరు కామరాజుగారికి చెప్పాను. ఆయన నా పంజాబీ డ్రెస్సూ, కత్తిరించిన జుట్టూ ఎగాదిగా చూసి, "సరిగ్గా చూశావా? మళ్లీ చెయ్యి" అన్నారు. నేను మళ్లీ చేయనేలేదు. మర్నాడు చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని అదే కాగితం ఇస్తే వెంటనే లారీ ఆపించారు.

"సారు కాయితం సూడలే, నీ చీర సూసిండు" అంది నాతో పనిచేసే సుమిత్ర. రేపు నేను పొరపాటు చేసినా ఇలాగే నమ్ముతారేమోనని భయంగా ఉంది.

నా నేత చీరలు రెండు పంపు. నాన్నకు దగ్గు తగ్గిందా? ఆ కొత్త డాక్టరు ఎక్కడ చదివాడో కనుక్కో. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల చూసి సూది వేయించుకోనివ్వకు. బామ్మకు నమస్కారాలు.

శశికళ