గేటు దగ్గర ఒక్కడే

పూణే
కార్తీకం 9

ప్రియమైన తమ్ముడు హర్కేకి,

అన్న దీర్ఘే ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, మీ వదిన, మరదలు బిష్ణా, పిల్లలు బాగున్నారని తలుస్తాను. పై ఊరి కాలూ ఇంటికి వస్తున్నాడు. అతని చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

నాకు రాయడం రాదు. అందుకని అసలు మాట ముందే రాస్తాను. గేటు కాపలాలో ఈ వంతే నాకు ఆఖరిది. మాఘంలో నువ్వు వచ్చి గేటు తీసుకున్నాక నేను ఇంటికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను. నా వంతు కూడా నువ్వే చూసుకో. నీకు యాభై రెండే.

కళ్ళకు మసక కమ్ముతోంది. ఏ కారు ఎవరిదో గేటు దాకా వస్తేగాని తెలియడం లేదు. నిన్న మూడో అంతస్తు సాబ్ అనుకుని లేచి సలాం చేశాను. చూస్తే గ్యాస్ బండలు వేసేవాడు. వాడు కూడా తిరిగి సలాం చేశాడు.

ఇరవై రెండేళ్ళయింది. శ్రావణం నుంచి పుష్యం దాకా నాది, మాఘం నుంచి ఆషాఢం దాకా నీది. ఇన్నేళ్ళలో ఒక్క గౌర పండుగకూ నేను ఇంట్లో లేను. భాద్రపదం వచ్చేసరికి ఇక్కడే ఉంటాను. మీ వదిన నా కోసం ఉపవాసం ఉంటుంది. పూజ చేసిన ఐదు రకాల గింజలు నా తలమీద వేయాలి. నేను లేక గడపమీద వేస్తుంది. వచ్చే గౌరకు నేను ఇంట్లో ఉండాలి. అంతకంటే నాకేమీ వద్దు.

నీ సమాధానం కోసం చూస్తాను.

నీ అన్న
దీర్ఘే

*

సేరి గ్రామం, అఛాం జిల్లా
మార్గశిరం 3

ప్రియమైన అన్నయ్యకు,

కాళ్ళకు దండం. కాలూ ఉత్తరం ఇచ్చాడు. చదువుతుంటే మా ఇంట్లో వాళ్ళూ మీ ఇంట్లో వాళ్ళూ చుట్టూ చేరారు. 'ఆఖరిది' అన్న మాట దగ్గరకు వచ్చేసరికి వదిన ఏమందో తెలుసా? "మీ అన్నకు ఇలాంటి ఆఖరివి చాలా ఉన్నాయి మరిదీ. లెక్కపెట్టడానికి నా వేళ్ళు చాలవు, నీవి కూడా ఇవ్వు" అంది. మర్నాడు చూస్తే కింది గది గోడలకు ఎర్రమట్టి పూస్తోంది. "పండక్కా వదినా?" అంటే, "ఎలకలు తవ్వాయి" అంది. ఎలకలేవీ నాకు కనబడలేదు.

నువ్వు రా. ఇరవై రెండు గౌరలూ నేనే తిన్నాను. ఇక నీ వంతు. నేను ఏడాదంతా అక్కడే ఉంటాను. గట్టిగానే ఉన్నాను, ఒక్క మోకాలు తప్ప. మోకాలితో గేటుకు పనేముంది.

మీసం బాగా పెరిగింది. వచ్చే ముందు నీ మీసం కొలతకు కత్తిరించి వస్తాను. ఆ అపార్ట్‌మెంటు వాళ్ళకు బహదూర్ ఒక్కడే కదా! మొదటి ఏడాది ఆ ముసలి సెక్రటరీ "మాటిమాటికీ మనిషిని మారిస్తే ఊరుకోను" అన్నాడని ఒకే టోపీ, ఒకే నీలం స్వెట్టరు వంతులు వేసుకున్నాం. ఇన్నేళ్ళలో ఒక్కడు కనిపెట్టలేదు. పోయినసారి రెండో అంతస్తు మామ్మగారు నన్ను పిలిచి, "బహదూర్, నీకు వర్షాకాలం దగ్గొస్తుంది, ఎండాకాలం పోతుంది, గమనించావా?" అని అడిగింది. గమనించానండీ అన్నాను. దగ్గేమో నీది, ఎండాకాలం నాది!

మాఘం మొదటి వారంలో గేటు దగ్గర ఉంటాను.

నీ తమ్ముడు
హర్కే

*

పూణే
పుష్యం 2

ప్రియమైన తమ్ముడు హర్కేకి,

ఆశీస్సులు. ఇక్కడ ఒకటి జరిగింది. తప్పు నాదే.

పాత సెక్రటరీ ఇల్లు అమ్ముకుని కొడుకు దగ్గరకు వెళ్ళిపోయాడు. కొత్తాయన వచ్చాడు. పనివాళ్ళందరికీ కార్డులు ఉండాలన్నాడు. నన్ను పిలిచి పేరు అడిగాడు. బహదూర్ అన్నాను. "అది కాదయ్యా, నీ అసలు పేరు" అన్నాడు. ఈ ఇరవై రెండేళ్ళలో నా పేరు అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఆలోచించాను. నేను వెళ్ళిపోయేవాణ్ణి. రాయించాల్సింది ఉండేవాడి పేరు కదా అనుకున్నాను. హర్క బహదూర్ సావుద్ అని చెప్పాను. ఊరు, జిల్లా అడిగాడు. అవీ చెప్పాను. రాసుకున్నాడు. మంచి పనే చేశాననుకున్నాను.

ఆ తర్వాత గోడకు ఆనుకుని నిలబడమన్నాడు. ఫోటో తీశాడు. ఫోటో ఉంటుందని నాకు తెలియదు. అప్పుడే చెప్పాల్సింది, సాబ్, మేము ఇద్దరం అని. నోటిదాకా వచ్చింది. నాలుగు కార్లు వరసగా వచ్చాయి. గేటు తీయడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

కార్డు మెడలో వేసుకున్నాను. పేరు నీది, మొహం నాది. ఏం చేద్దామో రాయి. నువ్వు చెప్పమంటే వెళ్ళి చెప్పేస్తాను.

నీ అన్న
దీర్ఘే

*

సేరి
పుష్యం 23

ప్రియమైన అన్నయ్యకు,

దండాలు. చెప్పకు! చెప్తే ఇన్నాళ్ళూ మోసం చేశామంటారు, ఇద్దరినీ పంపేస్తారు. ఇరవై రెండేళ్ళు ఎదురుగా నిలబడితే చూడనివాళ్ళు, అగ్గిపెట్టెలో సగం లేని ఫోటోను చూస్తారా? నీకు భయం ఎక్కువ. చిన్నప్పుడు బడిలో హాజరు పలకడానికి కూడా నన్నే పలకమనేవాడివి.

రేపు బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే ముందు నేనే వస్తానేమో.

నీ తమ్ముడు
హర్కే

*

సేరి
ఫాల్గుణం 25

ప్రియమైన తమ్ముడు హర్కేకి,

ఆశీస్సులు. నిన్ను గేటు దగ్గర వదిలి వచ్చి నెల దాటింది. నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. కార్డు సంగతి ఏమైందో అని రోజూ అనుకుంటాను.

ఇక్కడ అందరూ బాగున్నారు. వాగు పక్క పొలం చెక్కలో బార్లీ మోకాలెత్తు ఉంది. పై గట్టు కూలితే రాళ్ళు పేరుస్తున్నాను. దగ్గరి పనికి కళ్ళు చాలుతున్నాయి. అలవాటు మాత్రం పోలేదు. మొన్న మేకలు దొడ్డిలోకి వస్తుంటే లేచి నిలబడి తడిక తీసి పట్టుకున్నాను. మీ వదిన చూసి, "సలాం కూడా చెయ్యి, వెనకాల గేదెగారు వస్తున్నారు" అంది. బిష్ణా నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

గౌరకు ఇంకా ఆరు నెలలుంది. మీ వదిన అప్పుడే పూజ గింజలకని మినుములు, బఠాణీలు మంచివి ఏరి పక్కన పెట్టింది. ఎందుకంత తొందర అంటే ఎలకలంటుంది.

రెండు ముక్కలైనా రాయి.

నీ అన్న
దీర్ఘే

*

పూణే
చైత్రం 20

ప్రియమైన అన్నయ్యకు,

కాళ్ళకు దండం. ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి మంచి మాట దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు.

నేను గేటు దగ్గర లేను. ఫాల్గుణం మొదట్లోనే పట్టుకున్నారు. సెక్రటరీ కార్డు చూశాడు, నన్ను చూశాడు. "ఇది హర్క బహదూర్ కార్డు. నువ్వెవరు?" అన్నాడు. "నేనే హర్క బహదూర్‌ని సాబ్" అన్నాను. అందరినీ కిందికి పిలిచాడు. మామ్మగారు "వీడే మా బహదూర్, నాకు తెలియదా" అంది. మూడో అంతస్తాయన "కాదు, మనవాడికి దగ్గు ఉంటుంది" అన్నాడు. "దగ్గి చూపించనా సాబ్?" అన్నాను. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత నన్ను బయట నిలబెట్టి గేటు వేశారు.

సరిహద్దులో బన్‌బాసా వంతెన మీద ఇన్నేళ్ళుగా గాడిదలతో, మేకలతో పాటు నడిచి దేశం దాటాం. ఒక్కడైనా కాగితం అడిగాడా? అందుకే ఏ కాగితమూ వెంట తెచ్చుకోలేదు. ఈ గేటు దగ్గర అడిగారు. నా పౌరసత్వం కాగితం ఇంటి పెట్టెలో ఉంది. తెప్పించి చూపిస్తే అబద్ధం చెప్పింది నువ్వని తేలుతుంది. అప్పుడు ఇద్దరికీ పని ఉండదు.

ఇప్పుడు మన కాలూ గదిలో ఉంటున్నాను. ఊరంతా తిరిగాను. గేట్లన్నీ సెక్యూరిటీ కంపెనీలకు వెళ్ళిపోతున్నాయి. యాభై దాటినవాణ్ణి తీసుకోరట. మనవాళ్ళ చేతుల్లో ఉన్న నాలుగు గేట్లు వాళ్ళ తమ్ముళ్ళకే చాలడం లేదు.

సెక్రటరీ చెప్పిన మాట ఇది. ఫోటోలో ఉన్న మనిషి వైశాఖం పదిహేనుకల్లా వస్తే సరి, లేకపోతే ఈ గేటూ కంపెనీకి ఇచ్చేస్తాడు.

మన చెక్కల పంట ఎన్ని నెలల తిండికి వస్తుందో నీకు తెలుసు. రమ్మని నేను అడగలేను అన్నయ్యా. అడగకుండా ఉండనూ లేను.

నీ తమ్ముడు
హర్కే

*

పూణే
భాద్రపదం 18

ప్రియమైన తమ్ముడు హర్కేకి,

అన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. వాన బాగా పడిందని, గట్టు నిలిచిందని రాశావు. సంతోషం.

ఈవేళ గౌర అనుకుంటాను. మీ వదిన ఉపవాసం ఉండే ఉంటుంది. వైశాఖంలో నేను మళ్ళీ ఇక్కడికి బయలుదేరిన రోజు ఆమె ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటుందని వాగు దాటేదాకా చూశాను.

పోయిన నెల నేను నోరు తెరిచాను. సెక్రటరీ దగ్గరకు వెళ్ళి, "సాబ్, నాకొక తమ్ముడున్నాడు, వాడు ఆరు నెలలు, నేను ఆరు నెలలు" అన్నాను. "ఆ దొంగ సంగతి మళ్ళీ తేకు హర్క బహదూర్" అన్నాడు. సెలవు అడిగాను. "నువ్వు వెళ్తే నీ చోటు కంపెనీ వాడిది, ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించాను. నేను వెళ్తే నాతో పాటే గేటూ పోతుంది. ఇక వంతులు లేవు తమ్ముడూ. నువ్వు రాలేవు, నేను రాకూడదు.

మామ్మగారు నన్ను కళ్ళ డాక్టరుకు చూపించింది. ఎడమది అయిపోయిందన్నాడు. కుడిది కూడా ఆగదట. అందాకా హారన్ వినబడితే గేటు తీస్తున్నాను. ఇంకా ఎవరూ పట్టుకోలేదు.

ఇంకొక మాట ఉంది. ఇది పైకి చదవకు. నువ్వొక్కడివే చదువుకో.

ఇక్కడ రాసి ఉన్నది నీ పేరు, మన ఊరు. నాకేమైనా అయితే వీళ్ళు కార్డు చూసి కబురు పెడతారు. హర్క బహదూర్ సావుద్ పోయాడని వస్తుంది. తెచ్చినవాడు తిన్నగా బిష్ణా దగ్గరకు వెళ్తాడు. అందుకని నువ్వు ఊరు దాటి దూరం పనికి వెళ్ళకు. కబురు వినగానే పరిగెత్తి వెళ్ళి ముందు బిష్ణాకు కనబడు. ఆమెను గాజులు పగలగొట్టుకోనివ్వకు. ఆమె ఏడుపు ఆగాక మీ వదిన దగ్గరకు వెళ్ళు. ఆమెకు నువ్వే చెప్పాలి.

నీ అన్న
దీర్ఘే