అత్తయ్య వంటింట్లో సంస్కరణలు

ఆదివారం రాత్రి, తెలీబంధా

రేపు కాలేజీలో రష్యా, చైనా పాఠం చెప్పాలి. అన్నీ ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి నుంచి మార్కెట్‌కు రష్యా ఒక్కసారిగా మారింది, చైనా మెల్లమెల్లగా మారింది.

మా ఇంట్లో ఏ రోజు ఏ కూరో అత్తయ్యే నిర్ణయిస్తారు. ఈ రోజు నేను రష్యా దారి పట్టి, ఎవరికేం కావాలో ఇంట్లోవాళ్లని అడిగాను. మామయ్య బియ్యప్పిండి అట్టు చీలా, మా ఆయన పూరీ, పాప నూడుల్స్ అన్నారు. మధ్యాహ్నం దాకా నేను పొయ్యి వదల్లేదు. పెత్తనం పోయిందని అత్తయ్య నొచ్చుకున్నారేమోనని భయం వేరే.

చివరికి ఆవిడే వంటింట్లోకి వచ్చి, "అందర్నీ అడిగావు, నన్నడగవేంటే? నాకూ నూడుల్సే. మిర్చీ థోడా ఎక్కువెయ్యి" అన్నారు.

వచ్చే వారం నుంచి చైనా దారే, ఆదివారం ఒక్కపూటే స్వేచ్ఛ. కానీ ఇన్నేళ్లూ మంగళవారమంటే బీరకాయేనన్న మనిషికి నూడుల్స్ ఇష్టమని ఏ పాఠంలో చెప్పను?