పెంచలయ్య మైకుపెట్టెను మార్చిన సంగతి

అన్న పోలయ్యకు చెల్లెలు కోటమ్మ దణ్ణం పెట్టి రాసుకునేది. నేనూ చిన్నోడు రమణయ్యా బాగానే ఉన్నాము. నీ మోకాళ్ల నొప్పి, వదిన దగ్గు ఎట్లా ఉన్నాయో రాయి.

బోగోలు వదిలి ముత్తుకూరు వచ్చినాక నాకు పొద్దుపోవడం లేదు. ఇక్కడి నీళ్లు ఉప్పన, పప్పు ఉడకదు. వదిన ఎండబెట్టిన చేపలు ఎవరైనా వస్తుంటే పంపించు. బాగానే ఉన్నాను, దిగులు పడవద్దు. పెద్దోడు పెంచలయ్య కామెర్లతో పోయినాక వాడి మైకుసెట్టు రమణయ్యే నడుపుతున్నాడు కదా. వాడికి వండిపెట్టేదానికే నేను వచ్చింది.

మొన్న బుర్రకథకు మూడు మైకులు పెట్టినాడు. పెంచలయ్య నాటి పాత పెట్టెకు, అదే శబ్దం పెంచేదానికి, మైకులన్నిటికీ ఒకటే తిప్పే బుడిపె. కథ చెప్పే ఆయన గొంతు పెంచితే పక్కవాళ్లు వాయించే డక్కీల మోతా లేస్తాది. "కథ ఎక్కడ విన్నాం రమణయ్యా, డక్కీల పెళ్లి చూసినాం" అని ఊరోళ్లు ఎగతాళి చేసినారు. తిరునాళ్లకు వేరే సెట్టును పిలుస్తామన్నారు. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు.

కొత్త పెట్టె కోసం నెల్లూరు అంగడికి నన్నూ తీసుకుపోయినాడు. ఒకటి పెద్దది, నిగనిగలాడుతుంది, దానికీ ఒకటే బుడిపె. ఇంకోటి చిన్నది, మైకు మైకుకూ ఒక బుడిపె.

"అమ్మా, ఈ పెద్దది పలికితే సముద్రంలో పడవోళ్లకు వినపడతాది" అన్నాడు అంగడాయన.

"పడవోళ్లు బాడుగ ఇస్తారా సామీ" అన్నాడు మనోడు.

నాకు రెండూ ఒకటిగానే వినపడినాయి. అప్పుడు రమణయ్య నన్ను వీధి అవతల కూర్చోబెట్టి, తాను ఒక మైకులో మాట్లాడుతూ, ఇంకో మైకు దగ్గర అంగడాయనను బల్ల బాదమన్నాడు. పెద్దదాంట్లో బాదుడే వినపడింది. చిన్నదాంట్లో బల్ల దగ్గరి మైకు బుడిపె తిప్పేసరికి బాదుడు అణిగి, వాడి మాట నిలబడింది. ఇదే అన్నాను.

తీరా చూస్తే మేము వెంట తెచ్చిన పాతది ఇస్తేనే కొత్తది ఇస్తాడంట. పెద్దోడి పెట్టె ఎట్లా ఇచ్చేది? పెంచలయ్య ఎక్కడ సెట్టు కట్టినా ముందు మైకులో "అమ్మా, వినపడతా ఉందా" అనేవాడంట, నేను ఆ ఊళ్లో లేకపోయినా. వాడి గొంతు అందులో ఉండదని తెలుసు. తెలిసినా మనసు ఒప్పదు. "అది పెట్టె అమ్మా, అన్న కాదు" అన్నాడు రమణయ్య. అని వాడే గోడవైపు తిరిగినాడు. బతికున్న బిడ్డ బతకాల కదా అని, ఇచ్చెయ్ అన్నాను.

గడప దిగి వెనక్కి చూస్తే అంగడాయన దాన్ని పాత పెట్టెల వరసలో పెట్టేసినాడు. అన్నీ ఒకే తీరు. ఏది మనదో గుర్తుపట్టలేకపోయినాను అన్నా. చేసింది తప్పో ఒప్పో తెలియడం లేదు.

రమణయ్యను చల్లగా ఉండమని ఒక మాట రాయి. పెద్దమ్మకు, వదినకు నా దణ్ణాలు.

నీ చెల్లెలు
కోటమ్మ