మామ కారుకు చిన్న కేబుల్

దివాకర్ మామకు,

ఫోన్‌లో చెబితే నాయన వింటాడని ఈ ఉత్తరం రాస్తున్నాను. పీర్ల పండక్కి వచ్చేటప్పుడు నీ కొత్త కరెంటు కారుకు ఏ ఛార్జింగ్ కేబుల్ తేవాలని నువ్వు అడిగితే నాయన, “బోరు షెడ్డులో త్రీఫేజ్ ఉండాది, పెద్దదే తీసుకురాప్పా” అన్నాడు కదా. ఇప్పుడు ఆ లైను లేదు మామా. ఎండాకాలంలో బోరు ఇంకిపోయింది, మోటరు అమ్మేసినాం, కరెంటోళ్లు లైను తీసేసినారు. అది నీకు తెలిస్తే నాయన తలెత్తుకోలేడు. ఇప్పటికీ రోజూ పొద్దున “చీనీ చెట్లకు నీళ్లు పెట్టొస్తా” అని పోయి, ఖాళీ షెడ్డులో కూర్చుని వస్తాడు. అమ్మ రోజూ సద్ది కట్టిచ్చి పంపుతుంది.

ఇంట్లో మామూలు ప్లగ్గుకు పెట్టే చిన్న కేబులే తీసుకురా. రాత్రంతా పెడితే సరిపోతుందని కాలేజీలో అడిగి తెలుసుకున్నాను. షెడ్డు చూద్దామని మాత్రం అడగొద్దు.

జవాబు నాకు రాయొద్దు. వచ్చే ఆదివారంలోగా నాయనకే ఫోన్ చేసి, “బావా, షోరూములో చిన్నదే ఇచ్చినారు” అని చెప్పు.

నీ మేనకోడలు